కింద మనిషికి కూలి

నా రేటు విన్నవాళ్ళు ముందు చెట్టు వైపు చూస్తారు, తర్వాత నా వైపు చూస్తారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ముదిరిపోయారో తేల్చుకుంటున్నట్టు ఉంటుంది ఆ చూపు. మిడిల్ పాయింట్ పేటలో కిరాణా కొట్టు నడిపే కామేశ్వరమ్మగారైతే చూసి ఊరుకోలేదు. కొంగు బిగించి బేరానికి దిగింది.

"ఏటి దేవకుమార్ బాబూ, మామిడి కొమ్మలు నాలుగు కొట్టడానికి పద్దెనిమిది వేలా?"

"నాలుగు కొమ్మలు కాదమ్మా. చెట్టంతా మీ వంటింటి రేకుల మీదకి ఒరిగిపోయింది. ఆ పక్కన కరెంటు తీగ. పైన ఒకడు కోస్తే, కింద ఇద్దరు తాడు పట్టుకుని ఒక్కో కొమ్మనీ మెల్లిగా దింపాలి."

"కింద నిలబడినోళ్ళకి కూడా కూలేనా? నిలబడ్డానికి?"

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. పైనవాడు రంపం పట్టుకుని గొప్పగా కనిపిస్తాడు. కొమ్మ తెగి ఊగినప్పుడు అది వాడి గుండెకి తగలకుండా ఆపేవాడు కిందివాడు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. మా దీవుల్లో సగం ఇళ్ళ పక్కన ఇలాంటి చెట్లే, సగం ఇళ్ళలో ఇదే ప్రశ్న.

"మీ చర్చీ సురేష్ బాబు సగానికి చేసేస్తానన్నాడు. ఒక్కడే వస్తాడంట," అంది ఆవిడ.

మొన్నటిదాకా ఇళ్ళకి రంగులు వేసుకునే సురేష్ బాబు వాయిదాల మీద రంపం మెషీన్ కొని, ఈ వానాకాలం నుంచి చెట్ల కాంట్రాక్టరు అయ్యాడు. వాడు వచ్చాక నాకు చేతికందిన పనులు మూడు పోయాయి. నా దగ్గర చెట్టు ఎక్కే నూకన్న కూడా మెత్తబడ్డాడు.

"అన్నా, కింద ఒకడితో సరిపెట్టేద్దాం. రేటు తగ్గుద్ది, పనైనా దొరుకుద్ది."

"పైన ఉండేది నువ్వురా. నీ పీక మీదకే కదా తెచ్చుకుంటున్నావు."

"ఇంట్లో కూర్చుంటే మాత్రం పొట్ట నిండుద్దా?"

అయినా నేను రేటు తగ్గించలేదు. కామేశ్వరమ్మగారి పని సురేష్ బాబుకే వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకుంటే నేను తిట్టుకుంటూ పడుకునేవాణ్ణి. కానీ ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రభువు బల్ల. ఎవరి మీదైనా కోపం ఉంటే ముందు సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలి. మా పాస్టరు యుగంధర్ అయ్యగారు ఈ విషయంలో మొహమాటం ఎరగరు. నేనూ సురేష్ బాబూ చెరో వైపు నుంచి వరండా ఎక్కడం చూసి, మా ఇద్దరి చేతులూ తెచ్చి కలిపారు.

సరే, కలిపాను. వాడు నా చెయ్యి వదల్లేదు.

"అన్నా, నీ తాళ్ళు రెండూ, ఆ కప్పీ, రేపు ఒక్కరోజు ఇత్తావా? కామేశ్వరమ్మగారి పనికి."

లోపల పాట మొదలైంది. అయ్యగారు నా మొహంలోకే చూస్తున్నారు. అప్పుడు కాదంటే సమాధానపడనట్టు, సమాధానపడకపోతే బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. ఇంతకన్నా చక్కగా మనిషిని ఇరికించడం ఎవరికీ చేతకాదు. ఫీనిక్స్ బే రేవులో బోటువాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి కొనుక్కున్న తాళ్ళవి. ఇస్తానన్నాను. అప్పుడే అయ్యగారు నన్ను లోపలికి వదిలారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వెరోనికా పొట్ట పట్టుకుని నవ్వింది. "వాడి రేటు ఎందుకు తక్కువో ఇప్పుడు తెలిసిందా? సామానంతా నీది."

సోమవారం నాకు ఇంట్లో కాలు నిలవలేదు. తాళ్ళు నలిగిపోతాయేమో చూసొస్తానని బయల్దేరాను. "తాళ్ళనే చూడు, చెట్టు జోలికి పోకు," అంది వెరోనికా.

వెళ్ళేసరికి సురేష్ బాబు పైన ఉన్నాడు. నడుముకి ఒక తాడు కట్టుకున్నాడు, అంతవరకు నయం. కోస్తున్న కొమ్మకి రెండో తాడు కట్టి, పై కొమ్మకి వేలాడదీసిన కప్పీలోంచి కిందికి దింపాడు. ఆ కింది కొసని పక్కనున్న కొబ్బరి చెట్టుకి గట్టిగా ముడేసి పారేశాడు. పట్టుకునేవాడు లేడు. కొమ్మ తెగితే కిందికి దిగడానికి తాడు వదిలేవాళ్ళు లేక, ఊగి నేరుగా వాడి మీదకే వస్తుంది.

"మెషీన్ ఆపరా," అని అరిచాను.

"ఏటైంది అన్నా? కట్టేశాను కదా. మళ్ళీ పట్టుకోడం దేనికి?"

కొమ్మ అప్పటికే ముప్పాతిక తెగింది. చిటపటమని చప్పుడు వినిపిస్తోంది. దిగు అంటే దిగే దారిలోనే ఉంది ఆ కొమ్మ. వాడి మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు, అయినా తాడు దగ్గరికి పరిగెత్తాను. కామేశ్వరమ్మగారిని వంటింట్లోంచి బయటికి రమ్మన్నాను. ముడి విప్పి, తాడుని కొబ్బరి మొదలు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొస చేతికి తీసుకున్నాను.

"ఇప్పుడు కొయ్యి. తెగగానే కాండానికి కరుచుకుపో."

కొమ్మ ఒక్కసారిగా తెగింది. నన్ను మునివేళ్ళ మీదకి లాగేసింది. నేను తాడు వదులుతుంటే కొమ్మ ఊగుతూ వాడి ఛాతీ పక్కనుంచే, చొక్కా గుండీలు రాసుకుంటూ పోయింది. రేకులకి జానెడు దూరంలో ఆగింది. అక్కణ్ణుంచి మెల్లిగా దింపాను. అరచేతులు భగభగ మండాయి.

సురేష్ బాబు కాండాన్ని వదలకుండానే మెషీన్ ఆపాడు. తర్వాత, "అన్నా, వెళ్ళిపోతావా?" అన్నాడు, చిన్నగా.

ఎలా వెళ్తాను? చెట్టంతా అయ్యేదాకా తాడు పట్టుకుని నిలబడ్డాను. వాడు తిట్టించుకుంటూ కోశాడు, నేను తిడుతూ దింపాను. నాకు దక్కని పనికి, నా పోటీవాడి దగ్గర, పైసా లేకుండా కూలి చేశాను.

అంతా అయ్యాక కామేశ్వరమ్మగారు టీ తెచ్చి ఇచ్చింది. "చూశారా బాబూ, ఈ రేటుకే చక్కగా అయిపోయింది కదా. మీరే అనవసరంగా ఎక్కువ చెప్పారు."

నేను టీ తాగాను.

సురేష్ బాబు తన గ్లాసు పక్కన పెట్టాడు. "ఫెరార్గంజ్‌లో ఇంకో చెట్టుంది అన్నా. పశువుల పాక మీద ఒరిగింది. నిన్న సాయంత్రమే రేటు చెప్పేశాను, వాళ్ళు సరేనన్నారు. నువ్వూ రావా?"

"కింద మనిషి కూలి వేసే చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. నా ఎదురుగా చెప్పు. కింద ఇద్దరికీ కూలి పడాలి. ఆ ఇద్దరూ నా మనుషులైతే వస్తాను, లేకపోతే నా తాళ్ళు కూడా రావు."

వాడు స్పీకర్ పెట్టి చేశాడు. పాక గలాయన పేరు గోపినాథ్.

"సార్, నిన్న చెప్పిన రేటుకి అవ్వదు. డబుల్ అవుద్ది. కింద తాడు పట్టుకోడానికి ఇద్దరు మనుషులు కావాలి."

"అరే భయ్యా, నిన్న అక్కర్లేని మనుషులు ఇవాళ ఎందుకొచ్చారు?"

సురేష్ బాబు నా వైపు చూశాడు. నేను సాయం చెయ్యలేదు. వాడి చొక్కాకి పై రెండు గుండీలూ లేవు, ఆ చోటే చేత్తో తడుముకుంటున్నాడు.

"నిన్న నాకు భయం తెలీదు సార్," అన్నాడు.

"ఠీక్ హై. ఆలోచించి చెప్తాను," అని ఆయన పెట్టేశాడు.

ఆలోచించి చెప్తాననే మాట నేను ఎన్నేళ్ళుగానో వింటున్నాను. అలా అన్నవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తాళ్ళు చుట్టి భుజాన వేసుకుని, వెళ్దాం పదరా అన్నాను. సురేష్ బాబు కదల్లేదు.

"ఉండన్నా, ఆలోచించి చెప్తానన్నాడు కదా," అని ఫోన్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.