ఏటి చివర ఉప్పు

జానకిరామయ్య నా పొలాన్ని ముంచాడు. నీళ్లతో ముంచినా బాగుండేది. ఉప్పుతో ముంచాడు.

ఆయన మా నీటి సంఘానికి అధ్యక్షుడు. మా ఏటి మీద ఆనకట్టకు ఆరు తూములున్నాయి. ఐదు మూసుకున్నా ఆరోది ఎండాకాలంలో కూడా జానెడు తెరిచే ఉంచాలని ఉత్తర్వు. ఏటిలో చేపలకూ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పీతలకూ, రొయ్య పిల్లకూ ఆపాటి తీపినీళ్లు దిగువకు పోవాలట. ఆనకట్ట మీద బోర్డు కూడా పెట్టారు. జానకిరామయ్య దాని మీద తువ్వాలు ఆరేసుకుంటాడు.

జనవరిలో ఎగువన మిరప వాడుతోందని ఆరో తూమూ దించి, సందుల్లో ఇసుక మూటలు వేయించాడు.

"సముద్రానికి నీళ్లెందుకురా? దానికేమన్నా దాహమా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూటలు కూడా మోశాను. నా చేను ఆనకట్టకు బాగా దిగువన, ఏటి చివర ఉంది. మోస్తే కాలవలోంచి నాకూ ఒక తడి ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

మొగ దగ్గర వల వేసే మాలిక్ చేనుకొచ్చాడు.

"అన్నా, పీత పడటం మానేసింది. పైనుంచి నీళ్లు తొయ్యకపోతే సముద్రం లోపలికొచ్చేస్తది. నువ్వన్నా చెప్పు."

"నీ పీతల కోసం ఎగువోళ్లతో తగువు పెట్టుకోమంటావా?"

"నీ మిరప కోసమే చెప్తన్నా" అని సైకిలెక్కి పోయాడు.

ఏటి చివరి రైతులం సముద్రం పోటు మీదున్నప్పుడే మోటారు వేస్తాం. పోటు అడ్డుపడితే ఏటి నీరు వెనక్కి తన్ని, పైపు మునిగేంత లేస్తుంది. పైన తేలేది తీపినీరే. మా నాన్న ఏతం తొక్కిందీ ఆ వేళకే. పౌర్ణమి పొద్దున పోటుకు నేనూ అలాగే వేశాను. పుక్కిట పోసి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇన్నేళ్లలో ఎవడు చూశాడు గనక! రెండో కోతకు కాయ ఎర్రబారుతున్న చేను నిండా పారించాను.

నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. మొక్కలు నాటిన బోదెల మీద తెల్లటి పొర లేచింది. వేలితో తీసి నాకాను. ఉప్పు.

గడ్డపార తీసుకుని ఆనకట్ట మీదికెళ్లాను. జానకిరామయ్య తన మనుషులతో కూర్చుని ఉన్నాడు.

"ఏరా యలమందా, గడ్డపారేసుకొచ్చావు, లంకెబిందెలు తవ్వుతావా?"

"తూము తీస్తా."

"మూటలు మోసింది నువ్వేగా! ఇప్పుడు నా మీద పడితే ఎట్టారా?"

"నా చేత్తో మోశా, నా చేత్తోనే తీస్తా. ఇన్నాళ్లూ గారూ గారూ అన్నా. ఇక అనను. అడ్డం రావయ్యా, చూద్దాం!"

ఎవడూ లేవలేదు. మూటలన్నీ పొడిచాను. తూము తలుపు ఎత్తాను. నీళ్లు కిందికి దూకాయి.

ఆ నీళ్లకు ఏరు తేరుకుంది. నా నేల తేరుకోలేదు. మన్ను పరీక్ష చేసిన వ్యవసాయ ఆఫీసు అమ్మాయి, నాలుగు వానాకాలాలు కడిగితే తప్ప మిరప నాటొద్దంది. ఎగువోళ్లు మూడో కోత కూడా కోసుకున్నారు. జానకిరామయ్య ఇప్పటికీ అధ్యక్షుడే. నాకు పోయింది ఎకరం డెబ్బై రెండు సెంట్లు.