మూడో ప్రార్థనాంశం

పరుపుల దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. గోడ మీద రాసి పెట్టింది కాదు, యజమానురాలు పెద్దమ్మ నోటితో చెప్పిందీ కాదు. పనిలో చేరిన వారం రోజులకి ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది. పాత పరుపు విప్పినప్పుడు లోపల ఏం కనిపించినా ఆ మాట గడప దాటకూడదు.

చెప్పుకోదలిస్తే బోలెడుంటాయి. ఎవరు ఏ వైపు తిరిగి పడుకుంటారో, ఎవరి పక్క ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో దూదే చెబుతుంది. కుట్ల సందుల్లోంచి ఒంటి చెవి దుద్దో, నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీయో రాలుతుంది. మీసాలొచ్చినా పక్క తడిపేవాళ్ళు ఉంటారు. దొరికినదాన్ని పెద్దమ్మ చిన్న గుడ్డలో మూటకట్టి పరుపుతో పాటే ఇచ్చేస్తుంది. ఇచ్చేటప్పుడు ఎవరి ముఖంలోకీ చూడదు.

ఆ దుకాణం వెనక గదిలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్న అమ్మాయిని అందరూ చీటీ అంటారు. వేరే దేశం నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడి భాష నేర్చుకోవడానికి కాగితం ముక్కల మీద మాటలు రాసి కనబడిన ప్రతి వస్తువుకీ అంటించేది. తలుపు మీద 'తలుపు', కుర్చీ మీద 'కుర్చీ'. ఒకసారి పెద్దమ్మ మరదలు కునుకు తీస్తుంటే ఆమె వీపు మీద కూడా 'మరదలు' అని అంటించిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నిజానికి ఆ చీటీ గాలికి ఎగిరొచ్చి పడింది. చెబితే వినేదెవరు?

చీటీని పంపింది వాళ్ళ ఊరి సంఘం. మిషనరీగా పంపింది. పొద్దున పిల్లలకి అక్షరాలు చెప్పేది. ఆదివారం బస్సుల మెకానిక్ ఇంట్లో ఇరవై మంది కూడుకునే ప్రార్థనలో వాక్యం చెప్పేది. మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని దబ్బనంతో పరుపులకి టాకాలు వేసేది. నెలకోసారి సంఘానికి ఉత్తరం రాసేది. ఉత్తరం చివర ప్రార్థించవలసిన అంశాలు ఉండేవి. ఒకటి, భాష రావాలి. రెండు, పిల్లల బడి. మూడు, ఇంటి యజమానురాలు.

ఆరేళ్ళలో ఒకటో అంశం మారింది, రెండోదీ మారింది. మూడోది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ఏడు సంఘం తరఫున చీటీ పనిని కళ్ళారా చూసి రావడానికి కార్యదర్శి గారు బయలుదేరి వచ్చారు. అరవై దాటిన మనిషి. సౌమ్యుడు. బస్సు దిగిన గంటకల్లా దుకాణంలోకి వచ్చి, పెద్దమ్మను చూడగానే రెండు చేతులూ జోడించి నిలబడిపోయారు.

"ఈవిడేనా తల్లీ?" అని అడిగారు చీటీని.

"ఈవిడే అయ్యగారూ."

ఆయన పెద్దమ్మ వైపు తిరిగి తన భాషలో మెల్లగా, మనసారా మాట్లాడారు. "అమ్మా, మీకు మేమెవరమో తెలీదు. మాకు మీరు బాగా తెలుసు. ఆరేళ్ళుగా ప్రతి బుధవారం మా ఆడవాళ్ళు మీ కోసం ఉపవాసం ఉంటున్నారు. మూడు రోజుల మీ పసిబిడ్డను మీ చేతులతోనే పాతిపెట్టారని చదివిన రోజు సంఘమంతా ఏడ్చింది. మీరున్న చీకటి తొలగిపోవాలని నేను అడగని రోజు లేదు." చెబుతుండగానే ఆయన కళ్ళు తడిశాయి.

పెద్దమ్మ చీటీ ముఖం చూసింది. మరదలు దూది ఏకే యంత్రం ఆపి మరీ చూసింది.

చీటీ దాన్ని ఇక్కడి భాషలో చెప్పింది. "మిమ్మల్ని చూసినందుకు సంతోషంగా ఉందంటున్నారు. నన్ను బాగా చూసుకుంటున్నందుకు ధన్యవాదాలంటున్నారు."

"అంతేనా?" అంది మరదలు. "ఆయన చాంతాడంత చెప్తే నువ్వు చెంబుడు కూడా తోడలేదేమే."

"వాళ్ళ భాష అంతే వదినా. పొడుగ్గా ఉంటుంది."

"మరి కన్నీళ్ళెందుకు?" అని అడిగింది పెద్దమ్మ.

"దూది నలుసు పడింది."

పెద్దమ్మ కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోమని సైగ చేసింది. ఆరేళ్ళలో చీటీ ఆమెతో అబద్ధమాడడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకీ తెలిసినట్టే ఉంది.

ఆ బిడ్డ సంగతి పెద్దమ్మ చెప్పింది రెండేళ్ళ కిందట. ఒక వాన మధ్యాహ్నం, దుకాణంలో ఇద్దరే ఉన్నారు. ఎవరిదో పసిపిల్లల పరుపు విప్పుతూ, తలెత్తకుండా, నాలుగే నాలుగు మాటల్లో చెప్పి ఊరుకుంది. మరదలు ఆ ఇంటికి కోడలిగా రాకముందు సంగతి అది. మరదలికి కూడా తెలీదు. చీటీ ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ పట్టుకోవడంలో నటన లేదు. వారం తిరక్కుండానే అది ఉత్తరంలోకి ఎక్కింది. ఆ రాయడంలోనూ చెడు ఉద్దేశం లేదు. సంఘం ఇంకా గట్టిగా ప్రార్థిస్తుందనుకుంది, అంతే.

శుక్రవారం కార్యదర్శి గారు సంచిలోంచి ఒక పుస్తకం తీసి చూపించారు. ఆరేళ్ళ ఉత్తరాలన్నీ అచ్చు వేయించి, చక్కటి అట్ట కట్టించారు. లోపల పెద్దమ్మ ఫోటో. దబ్బనం చేత పట్టుకుని, తల వంచుకుని ఉంది. కింద 'ఆశ లేని కళ్ళు' అని వేశారు.

ఆ ఫోటో తీసింది చీటీయే. ఆ క్షణంలో పెద్దమ్మ దబ్బనంలో దారం ఎక్కిస్తోంది. ఆ పనిలో ఎవరి కళ్ళైనా అలాగే ఉంటాయి.

"ఆదివారం మీ ప్రార్థనలో ఇందులోంచి రెండు ఉత్తరాలు చదువుతాను. ఆవిడ కూడా వస్తుందన్నావు కదా?" అన్నారు ఆయన.

పెద్దమ్మ ఆదివారాలు వచ్చి గుమ్మం పక్కన కూర్చునేది. పాటలు వినేది. విశ్వాసురాలిని అని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. ఈసారి అనువాదం దాచడానికి వీల్లేదు. మెకానిక్ వయసులో ఉండగా చీటీ వాళ్ళ దేశంలోనే నాలుగేళ్ళు పని చేసి వచ్చినవాడు. ప్రతి ముక్కా అతనికి అర్థమవుతుంది.

"చదవద్దు అయ్యగారూ."

"ఏం తల్లీ? తప్పులేమైనా రాశావా?"

"తప్పులు లేవు. అన్నీ నిజాలే."

"మరి?"

"నావి కావు."

ఆయనకి అర్థం కాలేదు. "ఆవిడ కోసమే కదమ్మా మనం ఇంత దూరం..." అని ఆగారు. కోపం లేదు ఆ గొంతులో, అయోమయం ఉంది. ఉపవాసాలు చేసిన ఆడవాళ్ళకి వెనక్కి వెళ్ళి ఏం చెప్పాలన్నది ఆయన బెంగ.

శనివారం మధ్యాహ్నం మరదలు కుట్టిన దిండు గలేబులు ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళింది. చీటీ పుస్తకం పట్టుకుని వచ్చి పెద్దమ్మ ఎదురుగా కింద కూర్చుంది. పెద్దమ్మ మోకాళ్ళ ముందు సగం విప్పిన పరుపు ఉంది.

"పెద్దమ్మా, ఆ రోజు ఆయన కళ్ళలో నలుసు పడలేదు."

"తెలుసు."

"నేను ప్రతి నెలా మా వాళ్ళకి నీ గురించి రాశాను. చదువుతాను. వింటావా?"

పెద్దమ్మ చేతిపని ఆపింది. చీటీ మొదటి ఉత్తరం నుంచి మొదలుపెట్టి, మూడో అంశాలన్నీ ఒక్కటీ వదలకుండా ఇక్కడి భాషలోకి మార్చి చదివింది. ఆమె ఒంటరి అని, హృదయం కఠినమని, చీకటిలో ఉందని. తర్వాత వాన మధ్యాహ్నం సంగతి రాసిన ఉత్తరం వచ్చింది. అదీ చదివింది.

అయిపోయాక పుస్తకం మూసింది.

"నీకు జ్వరమొచ్చి పదకొండు రోజులు పడుకున్నావే, దాని గురించి ఏం రాశావు?" అని అడిగింది పెద్దమ్మ.

చీటీ ఆ పేజీ వెతికింది. "ప్రభువు నన్ను స్వస్థపరిచాడు అని రాశాను."

"ఆయనే బాగుచేశాడులే, కాదనను. మరి ఒళ్ళు తుడిచిన చేతులెవరివని వాళ్ళు అడగలేదా?"

"నేను రాయలేదు కాబట్టి అడగలేదు."

"నీకు మాట నేర్పిందెవరు? పిల్లల్ని బడికి పంపమని ఇంటింటికీ తిరిగి చెప్పిందెవరు? అన్నీ తెచ్చి నువ్వే ఇచ్చావు, మేం చేతులు చాచి పుచ్చుకున్నాం. అంతేగా ఇందులో ఉన్నది." గొంతు పెంచలేదు. పరుపులోంచి గట్టిపడ్డ దూది ఉండ ఒకటి తీసి వేళ్ళతో విడదీసింది. "పోనీ, అది నీ పొగరు. నీ ఈడులో నాకూ ఉండేది. కానీ ఆ బిడ్డ మాట. నలభై ఏళ్ళు ఈ చేతులతో ఊరందరి పరుపులూ విప్పాను. ఎవరి గుట్టైనా వీధిలో పెట్టానా?"

"లేదు."

"నువ్వు సముద్రాలు దాటించావు."

చీటీ తల వంచుకుంది. క్షమించమని అడుగుదామనుకుంది. అడిగితే ఆమె మీద ఇంకో భారం వేసినట్టవుతుందనిపించి ఊరుకుంది.

"ఆయన్ని పిలు. ఈసారి మొత్తం చెప్పు. నా మాట ఆయనకి, ఆయన మాట నాకు. నలుసులూ దుమ్మూ వద్దు," అంది పెద్దమ్మ.

కార్యదర్శి గారు వచ్చి కూర్చున్నారు. పెద్దమ్మ ఆయన్నే చూస్తూ మాట్లాడింది. "ఆరేళ్ళు తిండి మానుకుని నా కోసం అడిగారట. అంత మంది నా ఊసు తలుచుకోవడం నేనెరగను. ఆ మాటకి నా దణ్ణం." చీటీ చెప్పింది. ఆయన ముఖం విప్పారింది.

"కానీ అయ్యా, నా గురించి మీకు ఇంత తెలుసు. మీ గురించి నాకు ముక్క తెలీదు. ఇదేం పద్ధతి? మీ కష్టం కూడా చెప్పండి. నాకు తోచినట్టు నేనూ అడుగుతాను పైవాణ్ణి."

ఆయన నవ్వబోయారు. "మాకేముందమ్మా, ప్రభువు దయ వల్ల..." అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయారు. విప్పిన పరుపు మీద చెయ్యి వేసి దూదిని అటూ ఇటూ సర్దారు.

"మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. చివరి రెండేళ్ళు నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పరాయి మగాడు గదిలోకి వచ్చాడని అరిచేది. నేను బయట వరండాలో పడుకునేవాణ్ణి. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. అందరూ వచ్చి తమ బాధలు నాకు చెప్పుకుంటారు. నన్నెవరూ అడగలేదు. ఒకరిద్దరు అడిగినా బాగున్నామనే చెప్పాను."

చీటీకి అది కొత్త సంగతి. ఆమె ఆ మాటల్ని ఒక్కటీ తగ్గించకుండా, ఒక్కటీ పెంచకుండా ఇక్కడి భాషలో చెప్పింది. పెద్దమ్మ వింటూ తల ఆడించింది. ఏ ఓదార్పూ చెప్పలేదు. "వరండాలో చలేసేది కాదూ?" అని మాత్రం అడిగింది.

"వేసేది," అన్నారు ఆయన. ముక్కు తుడుచుకుని, చీటీ వైపు తిరిగారు. "తల్లీ, ఇది మాత్రం నువ్వు ఉత్తరంలో..."

అక్కడ ఆగిపోయారు. ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని చూసుకున్నారు. దాని అట్ట మీద బొటనవేలు అటూ ఇటూ రాశారు. తర్వాత లేచి వెళ్ళి దాన్ని సంచిలో అడుగున, బట్టల కింద పెట్టి వచ్చారు.

ఆదివారం ఆయన ఉత్తరాలు చదవలేదు. వాక్యం కూడా మెకానిక్‌నే చెప్పమని, తాను వెనక వరసలో కూర్చుని విన్నారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చుంది. కానీ ఆ రెండు రోజులూ చీటీతో ఒక్క మాట మాట్లాడలేదు. మరదలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏంటే, ఎవరు చచ్చారు?" అని అడిగి, జవాబు రాక విసుక్కుంది.

సోమవారం పొద్దున ఆయన ప్రయాణం. బయలుదేరే ముందు అడిగారు, "మన ఆడవాళ్ళకి ఈవిడ గురించి ఏం చెప్పను తల్లీ?" చీటీ ఆ ప్రశ్నని పెద్దమ్మకే చెప్పింది.

"వచ్చాను, చూశాను, బాగానే ఉందని చెప్పమను. అంతకంటే ఆయనకి మాత్రం ఏం తెలుసు గనక?"

ఆయన ఆ మాటకి మనస్ఫూర్తిగా నవ్వారు. బుధవారం ప్రార్థన మానమని చెప్పననీ, ఏం అడగాలో ఆవిడనే అడిగి చేస్తామనీ అన్నారు. పెద్దమ్మ కాస్త ఆలోచించింది. "మోకాలు నొప్పి తగ్గాలని అడగమను. మిగతాది నేను చూసుకుంటాను," అంది.

బస్సు ఎక్కించి వచ్చాక చీటీ దుకాణం గుమ్మంలో నిలబడింది. లోపలికి రావాలో వద్దో తెలీలేదు. గదిలో సామాను సగం సర్ది పెట్టుకునే ఉంది.

"గది ఖాళీ చెయ్యమంటావా పెద్దమ్మా?"

"ఖాళీ చేస్తే నీకు సులువు. ఇంకో ఊరు వెళ్తావు, అక్కడా నీ మూడో అంశానికి ఒక ముసలిది దొరుకుతుంది." పెద్దమ్మ దబ్బనంలో దారం ఎక్కించుకుంటూనే ఉంది. "ఉండు. నా సంగతి ఎక్కడా రాయకుండా ఒక ఏడాది నాతో ఉండి చూడు. ఉండగలవా?"

చీటీ వెంటనే ఉండగలననబోయింది. ఆరేళ్ళుగా పెద్దమ్మతో జరిగిన ప్రతిదాన్నీ, జరుగుతుండగానే, వాక్యాలుగా మార్చుకోవడం ఆమెకి అలవాటు. ఇప్పుడు ఈ గుమ్మంలో నిలబడి ఉన్నది కూడా అప్పుడే సగం వాక్యం అయిపోతోంది.

"తెలీదు పెద్దమ్మా," అంది.

"తెలీదన్నావు. నయమే." పెద్దమ్మ పరుపు అంచు పట్టుకుని పక్కకి జరిగి, ఒక మనిషి కూర్చునేంత చోటు చేసింది. "రా, ఆ కొస గట్టిగా లాగి పట్టుకో. టాకా జారిపోతోంది."