పదమూడో రాయి

తుకారాం రుమాలు చుట్టుకోవడం మొదలుపెట్టాడంటే ఇంట్లో మిగతా పనులన్నీ ఆగాల్సిందే. ఐదు గజాల తెల్లగుడ్డకు ఒక కొస తాను పట్టుకుంటాడు. రెండో కొస పట్టుకొని భార్య కనకవ్వ గడప దగ్గర నిలబడాలి. ముప్పై ఎనిమిదేళ్ళు సర్వే ఆఫీసులో భూమి కొలిచే గొలుసు పట్టిన మనిషి, గుడ్డనైనా బిగువుగా లాగందే ఊరుకోడు.

"ఎండల తిరగొద్దని దవాఖానల చెప్పిన్రు గదా. ఎగిరేది మిషిను, ఎగిరేసేది గా పిల్ల. నడుమ నీకేం పని?" అంది కనకవ్వ.

"రాళ్ళు సూపియ్యాలె. మిషినుకు రాళ్ళెట్ల తెలుస్తయి?"

"నీకే తెలుసా?"

"నాకే తెలుసు" అన్నాడు తుకారాం. అందులో గొప్ప ఉంది. కనకవ్వకు వినిపించని బెదురు కూడా ఉంది.

రిటైరై మూడేళ్ళయింది. పొడుగ్గా, బక్కగా ఉంటాడు. గొలుసు మోసీ మోసీ కుడిభుజం రెండు వేళ్ళు కిందికి జారింది. ఎక్కడికి నడిచినా అడుగులు లెక్కపెడతాడు. ఆర్మూర్ బస్టాండు నుంచి పసుపు మార్కెట్ గేటు దాకా ఎన్ని అడుగులో అతన్ని ఎవరూ అడగలేదు, అయినా అడిగినవాళ్ళకు చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. ఇనుపగొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి డ్రోను వచ్చింది. అయినా పంట కింద దాగిన హద్దురాయి పైనుంచి కనబడదు. ఎవరో ఒకరు ముందుగా దిగి, రాయి వెతికి, పక్కన ఆకు తొలగించి, దానిమీద సున్నంతో తెల్లగా గుర్తు వేయాలి. అందుకని ముసలివాణ్ణి మళ్ళీ పిలుస్తున్నారు.

ఆలూర్ శివారుకు చేరేసరికి ఎనిమిదయింది. డ్రోను నడిపే మానస అప్పటికే గట్టుమీద పెట్టె విప్పుతోంది. నిజామాబాద్ పిల్ల, మాట మెత్తన, పని కచ్చితం.

"తాతా, పదింటికల్ల గుర్తులన్ని అయిపోవాలె. ఎగిరేటప్పుడు చేన్ల మనుషులుండొద్దు. ఈసారి గీసిన గీతే ఇగ ఖాయం" అంది.

తుకారాం చెప్పులు గట్టుమీద విడిచాడు. పసుపు చేనులోకి చెప్పులతో దిగితే అతనికి ఒళ్ళు జలదరిస్తుంది. ఛాతీ ఎత్తు పెరిగిన ఆకుల్లో మునిగి తేలుతూ, తొమ్మిదిన్నరకల్లా పన్నెండు రాళ్ళకు సున్నం పూశాడు. ఎడమచెయ్యి చేనులోకి దిగినప్పటి నుంచీ లాగుతోంది. బకెట్టు బరువనుకొని చెయ్యి మార్చుకున్నాడు.

"పదమూడోది దొరకలేదని రాస్త తాతా. రాయి లేకపోతే ఉన్న గట్టునే హద్దు పట్టుకోమన్నరు" అంది మానస, కాగితం చూస్తూ.

అది మంగవ్వ చేనుకూ లింబాద్రి చేనుకూ మధ్య గట్టు. ఊరుకుంటే సరిపోయేది. ఇరవయ్యారేళ్ళుగా ఊరుకున్నాడు గనక ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆనాడు ఇదే చేనులో గొలుసు కొస పట్టుకొని రాయిమీద నిలబడాల్సినవాడు తుకారామే. రాయి చుట్టూ రేగుకంప. చెప్పులు పసుపుచేను బయట విడిచి వచ్చాడు, వట్టికాళ్ళు. కంప ముందే ఆగి, అక్కడే కొస నేలకు నొక్కాడు. రాయికి తొమ్మిదడుగులు ఇవతల, మంగవ్వ వాళ్ళ చేనులో. "రాయిమీదనే పట్టినవా?" అని సర్వేయరు కేకేస్తే "పట్టిన" అన్నాడు. ఆ ఒక్క మాట మీద లింబాద్రి తండ్రి గట్టు వేసుకున్నాడు, కంప కొట్టి పసుపు పెట్టాడు. మంగవ్వ మొగుడు గంగారాం, రాయి అవతల ఉందని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. ఊరు అతన్ని తగాదాలమారి అంది. తుకారాం ఇంటికి గంగారాం రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి బతిమిలాడాడు. రెండోసారి మంచినీళ్ళు తాగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. కొలువు పోతుందని తుకారాం నోరు విప్పలేదు. గంగారాం పోయి పదకొండేళ్ళయింది. ఆ రెండోసారి రాక మాత్రం తుకారామును వదల్లేదు.

"ఉన్నది బిడ్డా" అన్నాడు. "జర ఆగు."

గట్టు దాటి లింబాద్రి చేనులోకి దిగి, తొమ్మిదడుగులు లెక్కపెట్టాడు. పసుపు కుదుళ్ళు ఐదు పీకాడు. పచ్చికొమ్ములు విరిగి చేతులు పసుపయ్యాయి. మోకాళ్ళమీద కూర్చొని చిన్న గునపంతో తవ్వాడు. జానెడు లోతున ఇనుము రాతికి తగిలింది. మట్టి తుడిస్తే రాయి తలమీద చెక్కిన ప్లస్ గుర్తు. తుకారాం దానిమీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

రాత్రే నీళ్ళు పారిన మడి. పోసిన సున్నం బురదలో కలిసిపోయింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ కలిసింది. అప్పుడు తలకున్న రుమాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి రాయిమీద పరిచాడు. నాలుగు మూలలా మట్టిపెడ్డలు పెట్టాడు.

"ఎవర్నడిగి పీకినవే?" లింబాద్రి వచ్చి నిలబడ్డాడు. వెనక గట్టుమీద నీళ్ళచెంబుతో మంగవ్వ.

"రాయి తీసిన."

"ఇన్నేండ్ల సంది లేని రాయి గిప్పుడు యాడికెళ్ళొచ్చింది?"

"రాయి గీడనే ఉన్నది లింబాద్రీ. ఆనాడు నేనే గీడ లేను. కంప గుచ్చుకుంటదని గాడ నిలబడి, రాయిమీదనే ఉన్ననని అబద్ధం చెప్పిన. గంగారాం చెప్పిందే నిజం. మీ నాయన తప్పు లేదు. తప్పంత నాదే."

లింబాద్రి రుమాలు ఎత్తి రాయి చూశాడు. మళ్ళీ కప్పాడు.

"సచ్చేదాక గదే అన్నడు" అంది మంగవ్వ. ఆమె గొంతు పెరగలేదు. "నేను గూడ ఆఖరికి నమ్మలేదు. ఊకుండుమని తిట్టిన."

తుకారాం తల వంచుకున్నాడు. మంగవ్వ చెంబు అతని చేతికివ్వలేదు. అందేంత దూరంలో గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది.

అందరూ చేను బయటికి వచ్చాక డ్రోను లేచింది. ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు, దుక్కి దున్నినట్టు తిరిగింది. తుకారాం గట్టుమీద టేకుచెట్టును ఆనుకొని కూర్చొని, రుమాలు లేని తలతో దాన్నే చూస్తున్నాడు. సరిగ్గా రాయిమీదికి వచ్చినప్పుడు "పట్టిన" అన్నాడు, తనకు మాత్రమే వినబడేలా.

డ్రోను దించి, తెరమీద బొమ్మలు పెద్దవిగా చేసి చూస్తూ మానస పిలిచింది. "తాతా, పదమూడోది మస్తు సాఫ్‌గా వచ్చింది."

జవాబు రాలేదు. నిద్రపోయాడనుకొని దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. కుడిభుజం, కిందికి జారినదే. చెంబులో నీళ్ళు సగమున్నాయి.

మర్నాడు పాడెమీద పడుకోబెట్టి తలకు కొత్తగుడ్డ చుట్టారు. కనకవ్వ అలవాటుకొద్దీ గుడ్డ రెండో కొస పట్టుకొని నిలబడింది. అవతలినుంచి లాగేవాడు లేడని చాలాసేపటికి గాని ఆమెకు తెలియలేదు. మంగవ్వ వచ్చి, ఆ కొస ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

పది రోజులకు నక్షా వచ్చింది. గీత గట్టుమీంచి కాదు, రాయిమీంచి పోయింది. లింబాద్రి రెండుసార్లు చూసి సంతకం పెట్టాడు. పంట తవ్వుకున్నాక గట్టు జరుపుతానన్నాడు. ఆ వారం మడికి నీళ్ళు పెట్టినప్పుడు పీకిన కుదుళ్ళ చోట చుట్టూ చిన్న కట్ట వేశాడు, నీళ్ళు లోపలికి పోకుండా. కట్ట లోపల, నాలుగు మట్టిపెడ్డల కింద, రుమాలు పరిచింది పరిచినట్టే ఉంది, అంచున నాలుగు పసుపు వేలిముద్రలతో.