అలవాటు మాట

పొద్దున్నే మబ్బు దిగి కొండమీది కోటగోడల్ని మింగేసింది. వాన మాత్రం పడలా. నేను అన్నం వారుస్తా ఉన్నాను. మసిగుడ్డ జారి, సలసల కాగే గంజి పాదం మీద పడింది.

"ప్రభువా!" అన్నాను.

వెంటనే నోరు మూసుకున్నాను. అప్పటికే ముందుగదిలో పేపరు మడిచిన చప్పుడు.

మా ఇంట్లో ఆ మాట అనకూడదు. మా ఆయన పెంచలప్రసాద్ టీచరు, హేతువాది. ఆత్మకూరులో సభ జరిగితే ఆయన మాట్లాడాల్సిందే. పేరులో పెంచల నరసింహస్వామి పేరని తీసేసి ఉత్త ప్రసాద్ అని రాసుకుంటాడు. మా పెళ్లి దండలతో అయింది. మంత్రం లేదు, ప్రార్థన లేదు. "నన్ను నువ్వు అని పిలువు నిరోషా, మనం సమానం" అన్నాడు. ఆ ఒక్క మాటకి మురిసిపోయి వరికుంటపాడు నుంచి కట్టుబట్టలతో వచ్చినాను. దేవుడు నాకూ లేడు. మా నాయన గొంతులో పుండుతో అల్లాడతా ఉంటే చర్చి సంఘమంతా మోకాళ్ల మీద నిలబడింది, ఆయన మూలుగు ఆగలా. అప్పుడే పోయింది నాకు నమ్మకం. మాట మాత్రం పోలా. పాలు పొంగినా, తేలు కుట్టినా మా అమ్మ రెబెకమ్మ ప్రభువా అనేది. నిప్పు తగిలితే చెయ్యి ఎట్లా వెనక్కొస్తుందో, దెబ్బ తగిలితే ఆ మాట అట్లా బయటికొస్తుంది. ఆయనకి ఎన్నిసార్లు చెప్పినానో. మొదట చెంప మీద కొట్టినాడు. కడుపు పోయిన రోజు ఆసుపత్రి మంచం మీద అన్నానని, ఇంటికొచ్చినాక పన్ను ఊడేట్టు కొట్టినాడు. ఎవరికి చెప్పను? తాగడు, కట్నం అడగలా, ఇంకేంది నీకు అంటారు.

మా అత్త ఆదిలక్ష్మమ్మ కూర్చున్నా, లేచినా, ఆవలించినా నరసింహా అంటుంది. ఆయనకి అది వినపడదు.

వంటింట్లోకి వచ్చినాడు. నేను చెక్కి, ఆకురాయి పట్టి నున్నగా చేసిన కర్రగరిటెలు బుట్టలో ఉన్నాయి. పొడుగుదాన్ని ఏరుకున్నాడు.

"ఏందన్నావు?"

"కాలు కాలింది."

"ఏందన్నావు అని అడగతన్నా."

భుజం మీద పడింది దెబ్బ. మూలన కూరగాయలు తరిగే అత్త, "నరసింహా! పొయ్యికాడ ఏందిరా ఇది" అంటా లేచింది.

"మీ అమ్మ అనిందే ఇప్పుడు" అన్నాను.

"అది అలవాటు."

"మరి నాది?"

"నీది బానిసబుద్ధి. మీ వాళ్లకి రక్తంలోనే ఉండాది."

మీ వాళ్లు. ఇన్నేళ్లకి బయటపడింది.

గరిటె ఈసారి చెవి మీద పడి విరిగింది. వెచ్చగా నెత్తురు మెడలోకి దిగింది. ఎడమచేత్తో నా జుట్టు పట్టుకుని కుడిచెయ్యి ఎత్తినాడు. ఆ మణికట్టు పట్టుకున్నాను. ఆయనది సుద్దముక్క పట్టే చెయ్యి. నాది దినమంతా ఉలి పట్టే చెయ్యి. గుంజుకోలేకపోయినాడు. ఆ అరచేతిని తెచ్చి అన్నం తపేలాకి అదిమినాను. చర్మం సుర్రుమనింది.

"నరసింహా! ఓ నరసింహా!"

ఆయన అరుపుకి ఇల్లంతా మోగింది. వదిలేసినాను. ఆయన చెయ్యి చూసుకున్నాడు, తర్వాత నన్ను చూసినాడు. ఆ చూపు నాకు తెలుసు. రోజూ అద్దంలో చూసేదే.

"భయపడబాక" అన్నాను. "నేను కొట్టను. అది అలవాటు."

నీళ్ల బకెట్టు ఆయన ముందుకి జరిపినాను. నా కాలు ఇంకో బకెట్టులో పెట్టుకున్నాను.

తర్వాత మూడు కంచాలు వేసినాను. ఇన్నాళ్లూ వాళ్లు తిని లేచినాకే నా కంచం. ఈ పూట వాళ్లతోపాటే కూర్చున్నాను. ఆయన కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. అన్నం కలుపుకోలేక కంచం వైపు చూస్తా ఉన్నాడు. జ్వరమొస్తే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఈరోజు పెట్టలా. బుట్టలోంచి కర్ర స్పూను ఒకటి తీసి కంచం పక్కన పెట్టినాను. ఎడమచేత్తో తీసుకున్నాడు. పులుసు గడ్డం మీదికి కారింది.

అత్త మజ్జిగ కోసం మోకాలు పట్టుకుని లేచింది. అలవాటుగా నోరు తెరిచింది. నన్ను చూసి, కొడుకుని చూసి, మూసుకునింది. మజ్జిగ తెచ్చి ముందు నా కంచంలో పోసింది.

నేను మారు అన్నం పెట్టుకున్నాను.