నీలమ్మ కేక, తలకిందుల కుంభాలు

రోజూ పాలు పొంగేలోపు నీలమ్మ మేడెక్కి కేకలు వేస్తుంది. పురుషోత్తంపూర్ బస్సులో జోగుతున్న కూరగాయల పైడయ్య "లేత వంకాయలంట" అంటూ ఉలిక్కిపడి లేస్తాడు. గోపాల్‌పూర్ ఒడ్డున చేపలామె మంచి పండుగప్ప చేపను నీలమ్మ కోసం ఎవరి కంటా పడకుండా గంప అడుగున దాచేస్తుంది. బరంపురంలోని ఆ వీధివాళ్లు ఫోన్లు కొనుక్కునేది పాటలు వినడానికే.

ఒకటే పేచీ. ఏ పనికి పిలుస్తుందో ఆ పని ఇప్పుడు చేస్తున్న మనిషిని పిలిస్తేనే కేక అందుతుంది. పని మానేసిన వాళ్లను పిలిస్తే తిరిగొచ్చి ఏదో ఒకటి పగలగొడుతుంది. కిందటేడు కరెంటు పని వదిలేసి పాన్‌షాపు పెట్టుకున్న జగ్గన్నను పిలిచినందుకు వీధి వీధంతా బల్బులు పేలిపోయాయి.

ఆ ఇంటి ముందుగదిలో నీలమ్మ మనవరాలు హేమ పట్టుచీరలు నేస్తుంది. గుడిగోపురాల్లా బారులు తీరే కుంభాలు ఆ చీరల అంచుకి అందం. ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గం మీది చిల్లుల అట్టలు చెబుతాయి. ఆ చిల్లుల లెక్క తేల్చేది కంప్యూటర్‌లోని ఓ సాఫ్ట్‌వేర్. ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేయండి అని లోకం మీదకి వదిలేశారు.

పాత కంప్యూటర్ చచ్చి కొత్తది కొన్నాక, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షనే ఎక్కింది. ఆనాటినుంచీ కుడి అంచు కుంభాలన్నీ తలకిందులు. గబ్బిలాలు వేలాడినట్టే.

మగ్గం సొంతదారు, టోకు వర్తకుడు లోకనాథ్ వచ్చి చూసి, వీధి చివరి ఆవులు బెదిరేలా నవ్వాడు.

"శుక్రవారానికి అంచు సరిగ్గా రాపోతే మగ్గం ఊడదీయించేస్తానమ్మా. నువ్వొచ్చి నా షాపు కౌంటర్లో నిలబడు. ఏసీ ఉంటాది."

"ఆ ఏసీలో మీరే కూకోండి షావుకారూ," అంది హేమ.

అనడం అనేసింది గానీ, ఆ మగ్గం పోతే తన చేతులేం చెయ్యాలో ఆమెకే తెలీదు.

సాఫ్ట్‌వేర్ పేజీలో అందరికన్నా పైన హెన్రిక్ అనే పేరుంది. పెళ్లి పిలుపైనా తగువైనా ముందు ఇంటిపెద్దకే కదా చెప్పాలి! హేమ గౌరవనీయులకు నమస్కారాలతో మొదలుపెట్టి అతనికే రాసింది. మళ్లీ రాసింది. ఆ మర్యాదకి మహేంద్రగిరి కరిగి కాలవై పారేది. హెన్రిక్ మాత్రం పలకలేదు.

బుధవారం పొద్దున్న ఇక లాభం లేదనుకుంది. "నాయినమ్మా, నువ్వే పిలు."

"ఒరే హెన్రికూ!"

కేక ఏడు సముద్రాలూ దాటింది. అంత దూరమూ తిరిగొచ్చి మంచినీళ్ల కుండ పగలగొట్టింది. పక్కవీధి పిల్లలు ఆ నీళ్లలో కాగితప్పడవలు వేసుకున్నారు.

"ఆడు మానీసేడే," అంది నీలమ్మ. "పెద్దోడని ఆడి కాళ్లట్టుకుని ఏలాడితే ఏటొస్తాది? పన్జేస్తన్నది ఎవులో సూడు."

హేమకి సిగ్గేసింది. పై పేరు వదిలేసి, ఏ మార్పు ఎవరు చేశారో చూపించే చోటు వెతికింది. హెన్రిక్ చెయ్యి పడి ఏళ్లయింది. అప్పట్నుంచి ప్రతి మరమ్మతూ ఒకే మనిషిది. కుడి అంచుని తిప్పిందీ ఆ చెయ్యే. కానీ పేరుండాల్సిన చోట ఓ పిల్లి బొమ్మ తప్ప ఇంకేం లేదు.

"పేరు లేదే, నాయినమ్మా."

"పేరెందుకే? కత్తులు సానపట్టే ఆయన పేరు నీకు తెల్సేటి? పని సెప్పి పిలిస్తే రాడేటి?" నీలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఓలె పిల్లిబొమ్మా! మా అంచు తిప్పీసి ఎక్కడ తొంగున్నావే? లెగు!"

కేక వెళ్లింది. ఇంట్లో గ్లాసు కూడా కదల్లేదు. ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నానికి, హేమ హెన్రిక్‌కి రాసినదాని కిందే జవాబు వచ్చింది. రాసింది రోసౌరా. బొలీవియాలో బడి పంతులమ్మ. "నిద్రలో ఎవరో పెద్దావిడ దుప్పటి లాగేసి తిట్టారు. భాష తెలీలేదు. తప్పు నాదేనని మాత్రం తెలిసింది. హెన్రిక్ ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు. అయినా అందరూ అతనికే రాస్తారు. చేసేదాన్ని నేనున్నానని ఇన్నాళ్లకు మీరొక్కరే పిలిచారు. ఈ వారమే ఈ పనంతా మూసేద్దామనుకున్నాను. కుంభం ఎలా నిలబడాలో బొమ్మ పంపండి."

హేమ పాత చీరల ఫొటోలన్నీ పంపింది. అక్కడ ఆమె లెక్క తిప్పడం, ఇక్కడ ఈమె కొత్త అట్టలు కొట్టి నేసి చూడడం. గురువారం గడిచేలోపు గబ్బిలాలన్నీ గోపురాలై లేచి నిలబడ్డాయి. ఒంటిచేత్తో విసిగిపోయిన రోసౌరా, సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ల వరసలో తన పిల్లి బొమ్మ పక్కనే హేమ పేరు కూడా ఎక్కించింది.

శుక్రవారం లోకనాథ్ వడ్రంగులతో సహా దిగాడు. ఈగ వాలితే గుచ్చుకునేంత వాడిగా ఉన్నాయి కుంభాలు. చీరంతా తడిమినా వంక దొరకలేదు.

"హౌ, హౌ, సరేలే, బాగుంది," అన్నాడు. "ఇయాల బాగుంది. రేపు ఆ దిక్కుమాలిన లెక్క మళ్లీ తప్పితేనో? ముక్కూ మొగం తెలీనోలు రాసింది. అప్పుడు నేను ఎవుల్ని అడగాలమ్మా?"

వడ్రంగులు సుత్తులు దించలేదు. హేమ మగ్గం గుంటలోంచి లేవలేదు. పోగు మోసే నాడె అటు విసిరింది, ఇటు అందుకుంది.

"నన్నే," అంది. "కాస్త జరగండి షావుకారూ, ఎలుతురికి అడ్డొస్తన్నారు."