ముక్కలు కోసిన మోహన

అవినాష్ అనేవాడు కంపోజరంట. ఎవురన్నారంటే వాడే అన్నాడు. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివి, ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకొని, పాతకాలం కీర్తనలకు కొత్త ప్రాణం పోస్తాండాడంట. అవి చచ్చినాయని వీనికి ఎవురు చెప్పినారో!

నేను డోలు వాహిద్‌ని. మాది ప్రొద్దుటూరు. మా షాహులన్న నాదస్వరం పక్కన ముప్పైయేండ్లుగా డోలు వాయిస్తాండా. ఆయన మోహన రాగంలో కీర్తన ఎత్తుకుంటే పెండ్లి వంటోళ్లు గూడా గరిటె ఆపి వింటారు. మూన్నెల్ల కిందట ఈ అవినాష్ వచ్చి, "మామా, ఒక్కసారి వాయించు, రికార్డు చేసుకుంటా" అని బతిమలాడినాడు. అన్న మెత్తనోడు. మధ్యాన్నమంతా వాయించినాడు. వాడేం చేసినాడో తెలుసునా? పల్లవి తల కోసి, చరణం తీసి పారేసి, అనుపల్లవిలో ఒక్క సంగతి, ఒక్క చిన్న వరస, పట్టుకొని దాన్నే పదహారుసార్లు తిప్పినాడు, ఎక్కిళ్లు వచ్చినోని మాదిరి. కింద దబ్ దబ్ దబ్ అని ఒకటే మోత. దానికి లక్ష లైకులంట. సిగ్గులేని చెవులు!

వాని ఖర్మ అని ఊరుకుంటిమి. అంతలో జమ్మలమడుగు ఆదినారాయణరెడ్డి మనవరాలు సహస్ర పెండ్లి కుదిరె. సహస్ర అమ్మ స్వర్ణలత మెళ్లో తాళి పడింది మా అన్న మేళంతోనే. "ఊపిరి తగ్గుతాంది వాహిదూ. ఆ బిడ్డకు గూడా నేనే వాయించల్ల. ఇంగ ఆ తర్వాత నాదస్వరం మూట గట్టేస్తా" అన్నాడు అన్న. ఆ ఒక్క పెండ్లి కోసం నెల్లాళ్లు పొద్దున్నే లేచి సాధన చేసినాడు.

తీరా పోతే ఏముంది? పెండ్లికొడుకు పులివెందులోడు, అవినాష్‌కు స్నేహితుడు. పందిట్లో మనిషెత్తు స్పీకర్లు! అవినాష్ నవ్వుకుంటా వచ్చి, "మామా, తాళి టైముకు మన మిక్సే, ఆ లక్ష లైకుల పాటే, పెడతాం. మీరు ఊరికే వాయించినట్ల నిలబడండి, వీడియోకు బాగుంటాది" అన్నాడు. మన మిక్సంట! నాకు ఒళ్లు మండిపాయ. "మేమేమన్నా బట్టలంగడి బొమ్మలమా?" అన్నా. అన్న నా చెయ్యి పట్టుకొని, "గమ్మునుండ్రా, పెండ్లింట్లో రచ్చ వద్దు" అన్నాడు.

గట్టిమేళం ఎందుకో ఈడ ఎవుర్నడిగినా చెప్తారు. తాళి కట్టేటప్పుడు తుమ్మో, ఏడుపో, చెడ్డమాటో చెవిన పడగూడదని. అయ్యవారు చెయ్యెత్తినప్పటి నుంచి మూడు ముళ్లు పడేదాకా సందు ఇయ్యగూడదు. ఈ ముక్క కంపోజరుకు తెలీదు. అయ్యవారు చెయ్యెత్తె. స్పీకర్లు మోగె. పెండ్లికొడుకు తాళి ఎత్తె. సరిగ్గా అప్పుడే పాట టక్కున ఆగిపాయ. కరెంటు పోలా, ఏమీ పోలా. వాడు కావాలనే ఆడ ఆపినాడంట, కాసేపు ఆపి మళ్లా మోత పెడితే జనానికి కిక్కు వస్తాదంట! ఆ సందులో సహస్ర నాయన రాజశేఖరే గట్టిగా తుమ్మె.

పందిరంతా కొయ్యబారిపాయ. పెండ్లికొడుకు చేతులు గాల్లోనే ఆగిపాయ. "ఆ డబ్బాలు ఆపండ్రా! షాహులూ, ఊదప్పా!" అని సహస్ర అవ్వ వెంకటసుబ్బమ్మ కేక పెట్టె. ఎవురో వైరు పీకేసిరి. అయ్యవారు మళ్లా చెయ్యెత్తె.

ఊదినాడు సూడు మా అన్న, అబ్బబ్బబ్బా! మూడు ముళ్లు పడినాయి. అయినా ఆపలా. మోహన ఎత్తుకొని పల్లవి, అనుపల్లవి, చరణం, ఒక్క అక్షరం కోయకుండా కీర్తన మొత్తం వాయించినాడు. సహస్ర తలెత్తి మా దిక్కు సూసి నవ్వె. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, చెప్పుకునేదానికి సిగ్గేముంది.

వారానికి వీడియో వచ్చె. సహస్రే పంపింది. అన్న ఇంట్లో అన్నా, ఆయన భార్య మాబున్నీ, నేనూ ఫోను చుట్టూ కూచుంటిమి. తాళి కట్టేది వచ్చె. అన్న బుగ్గలు ఉబ్బినాయి, మెడ నరాలు తేలినాయి. నేను డోలు విరగబాదుతాండా. వినపడేది మాత్రం దబ్ దబ్ దబ్. తుమ్మూ లేదు, మేళమూ లేదు. మా మొగాల మీద వాని మోత అతికించినాడు ఆ దరిద్రుడు. కింద పేరు గూడా ఏసుకున్నాడు, సంగీతం అవినాష్ అని.

నోటికొచ్చినవన్నీ తిట్టినా. అన్న మాత్రం ఫోను చెవికాడ పెట్టుకొని మళ్లా విన్నాడు. ఇంగోసారి విన్నాడు. ఆఖరికి నా దిక్కు తిరిగి, "వాహిదూ, ఆ పొద్దు నేను వాయించినా గదరా?" అని అడిగినాడు.