మూడెండలు పెట్టిన విత్తనం

చనిపోయే ముందటి యేడు నా భార్య పంకజ నాకు బట్లహళ్ళి దారిలో ఒక ఎండిన మామిడి మొద్దు చూపించింది. దాని పక్కన తెల్లటి పుట్టగొడుగులు చిప్పలు పేర్చినట్టు పుట్టి ఉన్నాయి. కోసుకొచ్చి కూర చేసింది. పదకొండేళ్ళ కాపురంలో నేను మళ్ళీ వడ్డించమన్న కూర అదొక్కటేనని నవ్వింది.

ఆమె లేని వానకాలంలోనూ అవి పుట్టాయి. యుద్ధపు రోజులు, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బొగ్గులు కాల్చేవాళ్ళు ఆ మొద్దుకు అప్పటికే గొడ్డలి గుర్తు పెట్టారు. నేను ఒక గుత్తి కోసుకొచ్చాను.

చింతామణి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. కాలేజీలో నేర్చింది కాస్త గుర్తుంది. పుట్టగొడుగును చీల్చి, కాల్చిన సూదితో లోపలి కండ బియ్యపుగింజంత తీసి, గాజుగొట్టాల్లో ఉడికించిన ఉర్లగడ్డ ముక్కల మీద పెట్టాను. ఆరు గొట్టాల్లో నాలుగు కుళ్ళాయి. రెండింట్లో దూదిలాంటి తెల్లటి నూగు పాకింది. ఆ రెండింటినీ ఉడికించిన జొన్నల సీసాల్లోకి ఎక్కించాను. మూడు వారాల్లో జొన్నలన్నీ తెల్లబడి ఒక్క ముద్దగా కట్టుకున్నాయి. ఈలోగా మొద్దు బొగ్గయిపోయింది.

అప్పుడే పరీక్ష పేపర్లు దిద్దడానికి బెంగళూరు పిలిచారు. సీసాలను పక్కింటి మునిలక్ష్మమ్మకు అప్పగించాను. పంకజ పోయిన నాటినుంచి రోజూ నాకొక సంగటి ముద్ద తెచ్చిపెట్టే మనిషి. ఆ పుట్టగొడుగు ఇక ఈ సీసాల్లో తప్ప ఎక్కడా లేదని, ఇంట్లో రాగి విత్తనాన్ని చూసుకున్నట్టు చూడమని చెప్పాను. తెల్లటి నూగే దాని ప్రాణమని మాత్రం చెప్పలేదు.

పది రోజుల తర్వాత వచ్చేసరికి సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె ఒక కుండ తెచ్చి, మూతికి మెత్తిన పేడ ఒలిచి చూపించింది.

"బూజు పట్టి గడ్డ కట్టిండెప్పా. నువ్వు వచ్చేలోపల పాడైపోతాదని చేత్తో విడదీసి మూడెండలు పెట్టినా. వేపాకు, బూడిద కలిపినా. ఒక్క గింజకన్నా పురుగు తగిలిందేమో సూడు."

చెయ్యి పెట్టాను. జొన్నలు గలగలమన్నాయి. ఆమె అరచేతులు బూడిద ఒరుసుకుని పగిలి ఉన్నాయి.

"బాగా దాచినావమ్మా," అన్నాను.

అక్కడితో ఊరుకోవలసింది. ఏదో ఒక్క గింజలో జీవం మిగిలి ఉంటుందేమోనని ఆశ. వరిగడ్డి ఉడికించి ఆరబెట్టి, బుట్టలో వరసలు వరసలుగా ఆ జొన్నలు చల్లాం. గడ్డి నొక్కడానికి ఆమే చెయ్యి వేసింది. రోజూ పొద్దున్నే వచ్చి బుట్ట మీద కప్పిన గోనె ఎత్తి చూసేది. పన్నెండో రోజుకు బుట్టంతా పచ్చటి బూజు.

ఆమె గడ్డిపోచ ఒకటి లాగి వాసన చూసింది. తర్వాత నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"గడ్డి మంచిది కాదేమోప్పా? విత్తనంలో తప్పు లేదు కదా?"

"గడ్డే. పాతగడ్డి," అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. మంచేనహళ్ళి దగ్గర చెల్లెలుందట. అక్కడ తోపుల్లో ఎండిన మామిడి మాను యాడున్నా కబురు పంపమంటానంది. సరేనన్నాను. ఆ యేటి వానలు అప్పటికే వెళ్ళిపోయాయి.